వంగిన నడుము విరుచుకోవడం

వెన్నెముకలో 33 పూసలుంటాయి. అడుగున ఉన్న తొమ్మిది పూసలు మనిషి పెద్దయ్యేసరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పైనున్న 24 మాత్రం జీవితాంతం విడివిడిగా కదులుతాయి: మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. ఒక్కో పూస కదలిక చాలా చిన్నది. అన్నీ కూడితేనే మనిషి నేల మీది గింజ ఏరుకోగలడు, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరిగి చూడగలడు. పని కూడా పూసలు పంచుకునే చేస్తాయి. తల తిప్పడంలో దాదాపు సగం మెడలోని మొదటి రెండు పూసల పని. మొండెం తిరగడం ఎక్కువగా ఛాతీ వెనుక పూసలది. నడుము పూసల కీళ్లు నిలువుగా ఎదురెదురుగా బిగిసి ఉంటాయి కనుక అవి పెద్దగా తిరగలేవు, వంగగలవు. ఆ ఐదూ కలిసి ముందుకు 50, 60 డిగ్రీల దాకా, వెనక్కి 20, 25 డిగ్రీల దాకా వంగుతాయి. నేలను తాకినప్పుడు కనిపించే మిగతా వంపంతా తుంటి కీళ్లది.

వయసుతో ఈ కదలిక తగ్గుతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా తగ్గదు. నడుము ముందుకు వంగే శక్తి నెమ్మదిగా పోతుంది. వెనక్కి వాలే శక్తి అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా పోతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ సంగతిని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, తునికాకు కోయడం, బీడీలు చుట్టడం, ఇక్కడి బతుకుదెరువుల్లో చాలావరకు మనిషిని ముందుకు వంచేవే. నలభై ఏళ్లు ముందుకే వంగిన నడుముకు సాగదీత అంటే మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం కాదు. ఇన్నేళ్లూ వాడని వైపులకు, అంటే వెనక్కి, పక్కలకు, తిరుగుడుకు దాన్ని మెల్లమెల్లగా తీసుకెళ్లడం.

కదలిక ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే పూసల మధ్య ఉండే డిస్కుల దగ్గర మొదలుపెట్టాలి. మనిషికి ఇవి 23. చుట్టూ కొల్లాజెన్ పోగులతో అల్లిన గట్టి వలయం, లోపల నీటిని పట్టి ఉంచే జిగురు గుజ్జు. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. దానికి కావలసిన ఆహారం పైపూస, కిందిపూస అంచుల్లోంచి ఊరి చేరాలి. పగలంతా బరువు మోస్తుంటే డిస్కులోని నీరు కొంత బయటికి పోతుంది. రాత్రి పడుకుంటే తిరిగి లోపలికి వస్తుంది. పొద్దున లేచినప్పటి ఎత్తుతో పోలిస్తే పొద్దుగూకే వేళకు మనిషి సుమారు ఒక శాతం పొట్టిగా ఉండడానికి కారణం ఇదే. ఈ రాకపోకలు సాగడానికి మార్చి మార్చి కదలడం అవసరం. గంటల తరబడి ఒకే తీరున కూర్చున్నా, ఒకే తీరున వంగినా డిస్కుకు మేలు జరగదు.

పసివయసులో గుజ్జులో దాదాపు 90 శాతం నీరే. డెబ్బై దాటేసరికి అది 70, 75 శాతానికి దిగుతుంది. డిస్కు పలచబడుతుంది, పూసలు దగ్గరవుతాయి, వెనుక ఉండే చిన్న కీళ్ల మీద భారం పెరిగి అవి అరుగుతాయి. కొల్లాజెన్ పోగుల మధ్య చక్కెర అణువుల వల్ల అదనపు ముడులు పడి లిగమెంట్లు బిగుసుకుంటాయి; మధుమేహం ఉన్నవాళ్లలో ఈ బిగువు తొందరగా వస్తుంది. ఇదంతా ఎక్స్‌రేలో కనిపించినప్పుడు ఇంట్లో వినిపించే మాట ‘బొక్కలు అరిగినయ్’. ఆ మాటతో చాలామంది కదలడమే మానేస్తారు. మానకూడదు. ఏ నొప్పీ లేనివాళ్ల ఎంఆర్‌ఐ, సీటీ స్కాన్ చిత్రాలను పరిశీలించిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది. అరుగుదల చాలావరకు తల నెరవడం లాంటిది. బిగువులో మాత్రం వయసు వంతు కొంతే. కదలకపోవడం వంతు చాలా ఉంటుంది, ఆ రెండోది మనిషి చేతిలో ఉన్నది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చేసే ఆడవాళ్ల కూర్చునే తీరు చూస్తే వెన్నెముక మీద పని ఎలా పడుతుందో అర్థమవుతుంది. కింద చాప, ఒడిలో చాట. చాటలో ముందే తడిపి కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు పరిచి, తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, దారం కట్టి, మూతి ముడవాలి. కళ్లు చాటలోనే ఉండాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన కనుక చెయ్యి ఆగితే నష్టం. 4.5 నుంచి 5 కిలోల బరువుండే తల గంటల తరబడి ముందుకు వాలి ఉంటుంది. ఆ బరువును వెనుక నుంచి పట్టి ఆపుతున్నది మెడ, ఈపు కండరాలు. అవి అలసిపోయే కొద్దీ ఈపు గుండ్రమవుతుంది, భుజాలు ముందుకు వస్తాయి, పక్కటెముకలు పొట్ట మీదికి కుంగుతాయి. ఏళ్లు గడిచాక ఛాతీ ముందు కండరాలు పొట్టిబడి, పనైపోయాక కూడా ఈపు ఆ వంపులోనే నిలిచిపోతుంది. నిర్మల్ బొమ్మలు చెక్కేవాళ్లకూ, కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాళ్లకూ ఇదే వంపు. సిరిసిల్ల సాంచెల దగ్గర రోజంతా నిలబడి ఉన్నా, తెగిన పోగు అతకాలంటే వంగాల్సిందే.

నాటు వేసేటప్పుడు వంపు ఇంకా లోతు. మునుం పట్టిన ఆడవాళ్లు బురదలో నిలబడి, ఎడమచేతిలో నారు కట్ట పట్టుకుని, కుడిచేత్తో కర్రలు గుచ్చుతూ వెనక్కి నడుస్తారు. మునుం పూర్తయ్యేదాకా నడుము లేవదు. ఇంత లోతుగా వంగినప్పుడు నడుము కండరాలు దాదాపు వదిలేస్తాయి; శరీరం వెనుక లిగమెంట్ల మీద వేలాడుతుంది. లిగమెంట్ అలా లాగబడి ఉంటే మెల్లగా సాగుతుంది, వెంటనే తిరిగి బిగుసుకోదు. కెనడాకు చెందిన పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ 1992లో ఎస్. బ్రౌన్‌తో కలిసి దీన్ని కొలిచారు. 20 నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవాళ్లు నిటారుగా లేచిన తర్వాత, మొదటి రెండు నిమిషాల్లో పోయిన బిగువులో సగం తిరిగి వచ్చింది. మిగతా సగం తిరిగి రావడానికి 20 నిమిషాలు కూడా చాలలేదు. అంటే మునుం అయిపోగానే ఒడ్డు మీది నారు మోపు ఎత్తడం, చాట పక్కన పెట్టగానే నీళ్ల బిందె ఎత్తడం నడుముకు అన్నిటికన్నా చెడ్డ క్షణాలు. రెండు నిమిషాలు నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, నాలుగైదు సార్లు మెల్లగా వెనక్కి వాలి, ఆ తర్వాత బరువు ఎత్తుకోవాలి. ఈ వ్యాసంలోని సాగదీతల్లో ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే ఎంచుకోవాల్సింది ఇదే. దీనికి చాప అక్కరలేదు, వేళ అక్కరలేదు. పొలం ఒడ్డు చాలు. చాలాసేపు వంగినవాళ్లు లేవగానే ఒళ్లు విరుచుకునేది ఊరికే కాదు. తనకేం కావాలో శరీరం అప్పుడు తానే చెబుతుంది.

కదలిక ఎంత మిగిలిందో కొలిచే పద్ధతులు సులువైనవి. జర్మన్ వైద్యుడు పాల్ షోబర్ 1937లో చెప్పిన కొలత ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. నడుము కింద రెండు పక్కలా కనిపించే గుంటల మధ్య ఒక గుర్తు, దానికి 10 సెంటీమీటర్ల పైన ఇంకో గుర్తు పెడతారు. మనిషిని వీలైనంత ముందుకు వంగమని మళ్లీ టేపు పెడతారు. గుర్తుల మధ్య దూరం మామూలుగా 15 సెంటీమీటర్ల దాకా పెరగాలి. ఇంట్లో చేసుకునేది ఇంకా సులువు. మడమలు, పిరుదులు, ఈపు గోడకు ఆనించి, చూపు ఎదురుగా పెట్టి నిలబడాలి. గడ్డం పైకెత్తకుండా తల వెనుక భాగం గోడను తాకాలి. తాకకపోతే మిగిలిన సందును వేళ్లతో కొలిచి గుర్తుపెట్టుకోవచ్చు.

సాగదీతకు దేశంలో ఎక్కడైనా పనికొచ్చే సూత్రాలు కొన్నే. కండరం సాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. ఊపులు ఇవ్వకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2011 సూచనల ప్రకారం పెద్దవాళ్లు సాధారణంగా 10 నుంచి 30 సెకన్లు ఆపితే సరిపోతుంది. వయసు మళ్లినవాళ్లు 30 నుంచి 60 సెకన్లు ఆపితే ఎక్కువ మేలు. వారానికి రెండు మూడు రోజులు కనీసం, రోజూ చేస్తే మరీ మంచిది. మొదటి వారాల్లో కనిపించే తేడా ఎక్కువగా నరాల వ్యవస్థ ఆ లాగుడుకు అలవాటు పడడం వల్ల వచ్చేది. కండరం పొడుగు నిజంగా మారడానికి నెలలు పడుతుంది. అందుకే బలవంతం ఇక్కడ ఏమీ సాధించదు.

పని చేసే తీరును బట్టి ఏ సాగదీత ముఖ్యమో మారుతుంది. బీడీల దగ్గర కూర్చునేవాళ్లకు ఛాతీ ముందు భాగం, ఈపు పైభాగం ముఖ్యం. దర్వాజ చౌకట్టు మధ్య నిలబడి, మోచేతులు భుజాల ఎత్తులో రెండు పక్కల కట్టెకు ఆనించి, ఒక అడుగు ముందుకు వేస్తే రొమ్ము కండరాలు తెరుచుకుంటాయి. ఒక బొంతనో, మందపాటి టవల్‌నో గుండ్రంగా చుట్టి, ఈపు మీది రెక్కబొక్కల కింద అడ్డంగా పెట్టి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుంటే ఛాతీ వెనుక పూసలు వెనక్కి వాలడం నేర్చుకుంటాయి. మెడ బిగుసుకున్నవాళ్లు తల కింద మెత్త పెట్టుకోవాలి. అలా పడుకుని నాలుగు నిదానమైన ఊపిర్లు తీసినా చాలు. ఛాతీ వెనుక ప్రతి పూసకూ పక్కటెముకలు అతుక్కుని ఉంటాయి కనుక లోతైన ఊపిరే ఆ పూసలకు ఒక కదలిక. గూని ముదిరినవాళ్లకు ఆయాసం తొందరగా రావడంలో ఈ బిగువు పాత్ర ఉంది. మెడకు వేరే అవసరం: తలను వంచకుండా, ఎత్తకుండా, గడ్డాన్ని గొంతువైపు తిన్నగా వెనక్కి జరపడం. చాట ఒడిలో ఉండగానే కట్టకో, రెండు కట్టలకో ఒకసారి చేయగలిగిన పని ఇది.

పొలం పని, పత్తి పని చేసేవాళ్లకు నడుము, తుంటి ముందు భాగం ముఖ్యం. చాప మీద బోర్లా పడుకుని, మోచేతులు భుజాల కింద పెట్టి తల, ఛాతీ లేపి అర నిమిషం ఉండడం నడుమును వెనక్కి తీసుకెళ్లే మెత్తని మార్గం. యోగా నేర్చినవాళ్లకు భుజంగాసనంలో సగం. బోర్లా పడుకోలేనివాళ్లు గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు తాకించి, తుంటిని మెల్లగా ముందుకు నెట్టవచ్చు. తుంటి ముందు కండరాలు పొట్టిబడితే నిలబడ్డప్పుడు నడుమును అవే ముందుకు గుంజుతాయి, కాబట్టి నడుము సాగాలంటే తుంటి కూడా సాగాలి. ఇక పొద్దున మంచం దిగకముందే చేయదగ్గది: వెల్లకిలా పడుకుని, రెండు మోకాళ్లూ మడిచి, వాటిని జంటగా ఒక పక్కకు, ఇంకో పక్కకు వాల్చడం. భుజాలు మంచాన్ని వదలకూడదు.

చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి నడుమును పైకి పొంగించి, కిందికి దించే సాగదీత చాలా మంచిది. ఇల్లు అలికేటప్పుడు మోకాళ్ల మీద కూర్చునే భంగిమకు ఇది దగ్గర. అందులో డిస్కుల మీద బరువు తక్కువ, కదలిక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని అదే కదలిక చేయవచ్చు. అదే కుర్చీలో, పిరుదులు కదపకుండా, చేతులు ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, వెనుక గోడను చూడడానికి తిరిగినట్టు రెండు పక్కలా తిరిగితే ఛాతీ వెనుక పూసలకు పని దొరుకుతుంది. ఈ తిరుగుడు పోయినవాళ్లే సైకిల్ మీదో, బండి మీదో వెనుక వచ్చే లారీని చూడలేక ఇబ్బంది పడతారు. ఈ ప్రాంతపు ఆటల్లో ఈ కదలికలన్నీ దొరుకుతాయి. కోలాటంలో ఒళ్లు రెండు పక్కలా తిరుగుతుంది. బతుకమ్మ చుట్టూ ఆడేటప్పుడు వంగి చప్పట్లు కొట్టి, లేచి, పక్కకు అడుగు వేయాలి. ఆ వంపు ఎక్కడా ఆగిపోకుండా లేవడంతోనే ముగుస్తుంది. ముసలివాళ్లు కూడా తొమ్మిది రోజులు ఆడగలగడానికి ఆ లయ ఒక కారణం కావచ్చు.

వేళ విషయంలో ఒక జాగ్రత్త. రాత్రంతా నీరు పీల్చుకున్న డిస్కు పొద్దున లేవగానే ఉబ్బి బిగువుగా ఉంటుంది. ఆ సమయంలో ముందుకు వంగితే దాని మీద పడే ఒత్తిడి మధ్యాహ్నం కంటే చాలా ఎక్కువ. స్టోవర్ స్నూక్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చాలాకాలంగా నడుమునొప్పి ఉన్నవాళ్లు నిద్ర లేచిన తర్వాత మొదటి గంటల్లో వంగడం మానుకున్నందుకే నొప్పి తగ్గింది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో రోజు మొదలయ్యేదే పొట్టి చీపురుతో, వాకిలి ఊడ్చి సానుపు చల్లడంతో. అదే డిస్కుకు అన్నిటికన్నా బిగువైన గడియ. చీపురుకు పొడుగు కర్ర కట్టడం, లేచాక కొంతసేపు అటూ ఇటూ నడిచి ఆ తర్వాత వాకిలి పట్టుకోవడం, ఖర్చు లేని మార్పులు. సాగదీతలు కూడా పొద్దున అయితే మంచం మీద మోకాళ్లు వాల్చడం, నిలబడి వెనక్కి వాలడం వరకే. లోతుగా ముందుకు వంగేవి సాయంత్రానికి ఉంచుకోవాలి. రాష్ట్రంలో చలి ఎక్కువగా ఉండే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పత్తి ఏరే రోజుల్లో పొద్దునే కండరాలు ఇంకా బిగుసుకుని ఉంటాయి. పది నిమిషాల నడకతో ఒళ్లు వేడెక్కాక సాగదీస్తే మంచిది.

ముందుకు వంగే వ్యాయామాల గురించి ఇంకో గట్టి హెచ్చరిక ఉంది. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం వేగంగా సాగుతుంది. గుల్లబారిన పూస ముందు భాగం వంగినప్పుడు నలిగి, దెబ్బ తగలకుండానే విరిగిపోవచ్చు; చాలామందిలో గూనికి మూలం అదే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మెహర్‌షీద్ సినాకి, బెత్ మికెల్సన్ వెన్నెముక గుల్లబారిన 59 మంది స్త్రీలను పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించారు. వెనక్కి వాలే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా పూసలు నలిగాయి. ముందుకు వంగేవి చేసినవాళ్లలో 89 శాతం మందికి. ఏ వ్యాయామమూ చేయనివాళ్లలో 67 శాతం మందికి. చిన్న అధ్యయనమే అయినా తేడా చిన్నది కాదు. ఎత్తు తగ్గుతున్న, ఈపు వంగుతున్న అరవై ఏళ్ల స్త్రీ టీవీలో చూసి తల మోకాళ్లకు ఆనించే ఆసనం మొదలుపెట్టడం ప్రమాదం. ఆమెకు గోడ పక్కన నిలబడి మెల్లగా నిటారు కావడమే మొదటి మెట్టు.

దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఒకటి ఉంది. వయసుతో వెన్నులోని నరాల గొట్టం సన్నబడినవాళ్లకు నాలుగడుగులు నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, తిమ్మిరెక్కుతాయి; కూర్చుంటేనో, కర్ర మీద ముందుకు వాలితేనో తగ్గుతుంది. వాళ్లకు వెనక్కి వాలడం గొట్టాన్ని ఇంకా బిగిస్తుంది. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీ వైపు తెచ్చుకోవడం వాళ్లకు హాయిగా ఉంటుంది, గుల్లబారడం లేదని తేలితే. కాళ్లలోకి దిగే తిమ్మిరి ఏ వైపు వంగితే పెరుగుతుందో ఆ వైపు పోకూడదన్నది అందరికీ వర్తించే కొలమానం.

బిగువంతా వయసుదే అనుకోవడమూ పొరపాటే. నలభై ఐదు లోపు వాళ్లకు పొద్దున అరగంటకు మించి నడుము పట్టేసి, కదిలితే సడలుతూ, నెలల తరబడి సాగితే అది కీళ్లవాతపు జబ్బు కావచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లే ఎముకగా మారి వెన్ను కర్రలా బిగుస్తుంది. ఈ జబ్బును 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి వర్ణించింది. తెలంగాణలో నల్లగొండ ఈ బాధను తరాలపాటు మోసింది. అలాంటి వెన్నును సాగదీయబోతే విరగవచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్ను క్షయను అనుమానించాలి. కాలు పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇవి సాగదీతలతో కాలం గడిపే సందర్భాలు కావు.

ఇవేవీ లేని మామూలు బిగువుకు, చాలాకాలపు నడుమునొప్పికి సాగదీత పనిచేస్తుందని చెప్పే ఆధారాలు బాగానే ఉన్నాయి. కేరెన్ షెర్మన్ బృందం 228 మందితో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాల యోగా తరగతులకు పోయినవాళ్లూ, 12 వారాలు సాగదీత తరగతులకు పోయినవాళ్లూ దాదాపు సమానంగా మెరుగయ్యారు. పుస్తకం మాత్రమే చదువుకున్న మూడో బృందం వెనకబడింది. పేరున్న ఆసనమే కావాలన్న నియమం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చాలాకాలపు నడుమునొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం ఉంది; నడుము బెల్టులను, బరువులు కట్టి గుంజే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని చెప్పింది. మెడికల్ షాపుల్లో బెల్టు కొని ఏళ్ల తరబడి కట్టుకుని తిరిగే అలవాటు ఇక్కడ బాగా ఉంది కనుక ఆ మాటను గట్టిగానే చెప్పాలి.

సాగదీత అరిగిన డిస్కును తిరిగి నింపదు. నలిగిన పూస వల్ల వచ్చిన గూనిని పూర్తిగా సరిచేయదు. బలం కూడా దానంతట అదే రాదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, నడవడం తోడు కావాలి. కండరాల బిగువు వల్ల వచ్చిన వంపు మాత్రం చాలావరకు సడలుతుంది. వంపులో ఎముకల వంతు ఎంతో, కండరాల వంతు ఎంతో గోడ దగ్గర తెలుస్తుంది. మొదటి రోజు తల వెనుక నాలుగు వేళ్ల సందు ఉంటే, నెలకోసారి అదే గోడకు, అదే చోట, చెప్పులు లేకుండా నిలబడి మళ్లీ వేళ్లు పెట్టి చూడాలి. సందు తగ్గుతుంటే బిగువు సడలుతున్నట్టు. ఎన్ని నెలలైనా తగ్గకపోయినా, ఎత్తు తగ్గుతూ సందు పెరుగుతున్నా ఎముకల పరీక్ష చేయించాలి.